కరెంటు ఆగిన తరువాత

(పాతబస్తీలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గౌరవనీయులైన తల్లులారా, సోదరీమణులారా, పక్క గదిలో కూర్చుని మైకు ద్వారా వింటున్న సోదరులారా! జిల్లాల నుంచి వచ్చి పాతబస్తీలో స్థిరపడిన కుటుంబాలవారు ఈ సభలో ఎక్కువమంది ఉన్నారు గనుక తెలుగులోనే మాట్లాడుతున్నాను. ఉర్దూలో అడిగితే ఉర్దూలోనే జవాబిస్తాను.

నేను డాక్టరును కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినదానను. ఆ తరువాత క్యాన్సర్ రోగుల వెంట ఆసుపత్రులకు వెళ్ళి, ఆరోగ్యశ్రీ కాగితాలు నింపటం, డాక్టరు చెప్పినదాన్ని ఇంటివారికి అర్థమయ్యేలా చెప్పటం నా పని అయింది. డాక్టరు గదిలో నోరు మెదపని స్త్రీ, బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాక నా కొంగు పట్టుకుని, "ఖాలా, ఒక్క మాట అడగనా?" అంటుంది. ఆ ఒక్క మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. ఈ వైద్యం అయ్యాక నేను నా భర్తకు భార్యగా ఉండగలనా? నాకు పిల్లలు పుడతారా? ఈ రెండు ప్రశ్నలకు జవాబులు వైద్య పుస్తకాలలో ఉన్నాయి. అవి మన ఇళ్ళ వరకు రావటం లేదు. నేటి నా ప్రసంగం వాటి గురించే.

ముందుగా ఒక పదం గురించి చెప్పాలి. రేడియేషన్ వైద్యాన్ని మనవాళ్ళు "కరెంటు పెట్టటం" అంటారు. ఆసుపత్రి ఆయాల నుంచి రోగుల దాకా అందరిదీ ఇదే మాట. ఈ మాట చేసిన కీడు ఇంతా అంతా కాదు. కరెంటు అనగానే అది ఒంట్లో నిలిచిపోతుందని, ముట్టుకుంటే తగులుతుందని భయం. వైద్యం పూర్తిచేసుకుని వచ్చిన కోడలికి పళ్ళెం, గ్లాసు వేరుచేసిన ఇల్లు నేను చూశాను. మనవడిని నానమ్మ ఒడిలో కూర్చోనివ్వని ఇల్లు చూశాను. భర్త మంచం వేరే గదిలోకి మారిన ఇళ్ళకైతే లెక్కలేదు.

వాస్తవం ఏమిటంటే, బయటి యంత్రంతో ఇచ్చే రేడియేషన్ ఒక శక్తిమంతమైన ఎక్స్‌రే కిరణం వంటిది. యంత్రం ఆగగానే కిరణం ఆగిపోతుంది. దీపం ఆర్పాక గదిలో వెలుతురు మిగలదు కదా, అదే విధంగా శరీరంలో ఏమీ మిగలదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు బయటి రేడియేషన్ తరువాత లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ కూడా ఉంటుంది. దానిని బ్రాకీథెరపీ అంటారు. అందులో ఇరిడియం వంటి ఒక చిన్న మూలకపు గింజ గొట్టం ద్వారా లోపలికి వెళ్ళి, కొన్ని నిమిషాలు ఉండి, తిరిగి యంత్రంలోకి వెళ్ళిపోతుంది. ఆ స్త్రీ ఇంటికి వచ్చేటప్పుడు ఆమె వెంట ఏ కిరణమూ రాదు. థైరాయిడ్ క్యాన్సరుకు నోటి ద్వారా ఇచ్చే రేడియో అయోడిన్ సంగతి వేరు. దానికి కొన్ని రోజులు దూరంగా ఉండాలని డాక్టర్లే చెబుతారు. ఆ రెంటినీ కలిపివేయటం వల్లనే సగం అపోహలు పుట్టాయి. క్యాన్సర్ కూడా దాంపత్యం వల్ల భర్తకు అంటదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. అది పెళ్ళయిన ఎందరికో ఎప్పుడో ఒకప్పుడు సోకి, ఎక్కువమందిలో దానంతట అదే పోతుంది. దానిని పట్టుకుని ఆమె శీలాన్ని తూచటం అజ్ఞానమే గాక అపనింద కూడా.

మన నగరంలో ఈ వైద్యం కొత్తది కాదు. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉన్నది. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా ఉండి, తరువాత గుజరాత్‌కు తొలి గవర్నరుగా వెళ్ళిన మెహదీ నవాజ్ జంగ్ పేరుమీద అది వెలసింది. తెలంగాణ నలుమూలల నుంచి పేదలు అక్కడికే వస్తారు. దేశంలో 2022లో సుమారు 1 లక్షా 27 వేల మంది స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా వచ్చినట్లు, సుమారు 80 వేల మంది దానితో మరణించినట్లు అంతర్జాతీయ అంచనా. మనదేశంలో ఎక్కువమంది వ్యాధి ముదిరాకనే వస్తారు. అప్పుడు ఆపరేషన్‌కు వీలుండదు. రేడియేషన్, దానితోపాటు వారానికి ఒక కీమో మందు, ఇవే ప్రధాన వైద్యం. ఇది ప్రాణం నిలిపే వైద్యం. నా మాటలు విని దీనికి భయపడి ఎవరూ వెనుకకు తగ్గరాదు. ఆ సంగతి మొదటే చెబుతున్నాను.

సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున 25 రోజులు, అంటే ఐదు వారాలు బయటి రేడియేషన్ ఇస్తారు. తరువాత కొన్ని విడతలు బ్రాకీథెరపీ. మొత్తం ఎనిమిది వారాలలోపు ముగియాలి. నడుమ ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది. పెళ్ళి ఉందని, పండుగ ఉందని, రంజాన్ అని మానకూడదు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉన్నదని మనకందరికీ తెలుసు. ఆటో ఖర్చు భరించలేక మానేసినవారు ఉండేవారు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ప్రయాణం ఉచితమయింది. ఈ 25 రోజుల రాకపోకలకు దానివల్ల కలిగిన మేలు, ఆ పథకాన్ని వెక్కిరించేవారికి తెలియదు.

ఇక అసలు విషయం. కిరణానికి క్యాన్సర్ కణమేదో మంచి కణమేదో పూర్తిగా తెలియదు. పొత్తికడుపు మీద పడినప్పుడు పక్కనున్న మూత్రకోశం, పేగు, యోని మార్గం, గర్భాశయం, అండాశయాలు అన్నిటికీ ఎంతో కొంత తగులుతుంది. వైద్యం జరుగుతుండగా విరేచనాలు, మూత్రంలో మంట ఉంటాయి. ఇవి ఇంటివారికి చెబుతారు. చెప్పనిది యోని మార్గం సంగతి. అక్కడి లోపలి పొర పలుచబడుతుంది, తడి తగ్గుతుంది. మానే క్రమంలో గోడలు గట్టిపడి, ఒకదానికొకటి అతుక్కుని, మార్గం ఇరుకుగా, పొట్టిగా అవుతుంది. ఇది ఒక్కరోజులో జరగదు. నెలల తరబడి నెమ్మదిగా జరుగుతుంది. అందువల్లనే డాక్టరు "అంతా బాగుంది" అని పంపిన ఆరు నెలలకు ఆమె బాధ మొదలవుతుంది. దాంపత్యంలో నొప్పి, కొంచెం రక్తం. ఆమె భయపడుతుంది, క్యాన్సర్ తిరిగి వచ్చిందేమోనని. భర్త భయపడతాడు, తాను హాని చేస్తున్నానేమోనని. ఇద్దరూ నోరు విప్పరు.

దీనికి చేయదగినది ఉన్నది. వైద్యం ముగిసిన కొన్ని వారాలకు, లోపలి పుండు మానిందని పరీక్షించాక, డైలేటర్ అనే సాధనాన్ని వాడమంటారు. అది నున్నని, గుండ్రని కొన గల గొట్టం. చిన్నది మొదలు పెద్దది వరకు పరిమాణాలు ఉంటాయి. నీటితో తయారైన జెల్ రాసి, వారానికి రెండు మూడుసార్లు, ఐదు పది నిమిషాలపాటు వాడాలి. ఒక నెల వాడి మానేసేది కాదు. రెండు సంవత్సరాలు, కొందరికి అంతకంటే ఎక్కువ కాలం కొనసాగించమని చెబుతారు. పొడిబారటానికి జెల్‌లు ఉన్నాయి. అవసరమైతే ఈస్ట్రోజన్ క్రీము రాస్తారు. అయితే ఏ క్యాన్సర్ అన్నదాన్ని బట్టి అది మంచిదో కాదో డాక్టరు నిర్ణయించాలి. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు సొంతంగా వాడరాదు. పటిక నీళ్ళతోనూ, డెట్టాల్‌తోనూ లోపల కడుక్కునే అలవాటు మన బస్తీలలో ఉన్నది. రేడియేషన్ అయినవారు దాని జోలికి పోరాదు. పలుచబడిన పొర మరింత కాలిపోతుంది.

డైలేటర్ అనగానే తలవంచుకునేవారు, "ఛీ, ఈ వయసులోనా" అనే అత్తలు ఉన్నారు. వితంతువుకు ఎందుకు, పెళ్ళికాని దానికి ఎందుకు అని అడుగుతారు. వినండి. మార్గం మూసుకుపోతే తరువాత డాక్టరు లోపల పరీక్షించలేరు. మొదటి రెండేళ్ళు కొన్ని నెలలకొకసారి పరీక్ష జరగాలి. క్యాన్సర్ తిరిగి మొలకెత్తితే తొలిదశలో పట్టుకునేది ఆ పరీక్షలోనే. కనుక భర్త ఉన్నా లేకున్నా ఇది ఆమె వైద్యంలో భాగం. కంటి ఆపరేషన్ తరువాత చుక్కలు వేసుకోవటంలో సిగ్గు ఎంత ఉన్నదో ఇందులోనూ అంతే ఉన్నది.

భర్తలకు ఒక మాట. వైద్యం జరుగుతుండగా, ఆ తరువాత కొన్ని వారాలు దూరంగా ఉండవలసి ఉంటుంది. ఎప్పుడు మొదలుపెట్టవచ్చో డాక్టరును అడగండి. మీరే అడగండి, ఆమెను పంపవద్దు. ఆ తరువాత తొందర వద్దు. నొప్పి అంటే ఆగాలి. ఆమెకు కోరిక లేకపోవటానికి అలసట, భయం, హార్మోన్లు తగ్గటం, తన శరీరం మీద తనకే నమ్మకం పోవటం ఇవన్నీ కారణాలు. మీ మీద ప్రేమ తగ్గలేదు. దాంపత్య సుఖం భర్త హక్కు అని మనం తరచుగా వింటాం. భార్యకు కూడా అది హక్కేనని మన ఫిఖ్‌హ్ గ్రంథాలు చెబుతాయి. జుమా ప్రసంగాలలో ఈ రెండవ సగం కూడా వినిపిస్తే బాగుండును.

ఒక ప్రశ్న తరచుగా వస్తుంది. చికిత్స తరువాత మచ్చల్లా రక్తం కనిపించగానే నమాజు మానేస్తున్నారు, నెలలపాటు. వ్యాధి వల్లనో గాయం వల్లనో వచ్చే రక్తం రుతుస్రావం కిందకు రాదు. ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకుని చదువుకోవచ్చునని ఉలమాలు చెబుతారు. మీ పరిస్థితి వివరించి ఒక ఆలిమాను అడగండి. అయితే రక్తం సంగతి డాక్టరుకు కూడా తప్పక చెప్పండి. ధర్మసందేహం తీరినంత మాత్రాన వైద్యసందేహం తీరదు.

ఇప్పుడు సంతానం విషయం. ఇందులో నేను తీపి మాటలు చెప్పలేను. ఆడపిల్ల పుట్టేటప్పుడే అండాలు ఆమె వెంట వస్తాయి, తరువాత కొత్తవి తయారుకావు. రేడియేషన్‌ను గ్రే అనే కొలతతో లెక్కిస్తారు. 2 గ్రేల కంటే తక్కువ మోతాదుకే అండాశయంలోని అపరిపక్వ అండాలలో సగం నశిస్తాయని 2003లో బ్రిటన్ పరిశోధకులు లెక్కగట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు బయటినుంచి ఇచ్చేదే 45 నుంచి 50 గ్రేలు. కాబట్టి అండాశయాలు ఆ పరిధిలో ఉంటే ముప్పై ఏళ్ళ స్త్రీకైనా నెలసరి ఆగిపోతుంది. ఒంట్లో వేడి ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల బలహీనత యాభై ఏళ్ళకు రావలసినవి ముందే వస్తాయి. వీటికి మందులున్నాయి, అడగాలి. గర్భాశయం కండరం గట్టిపడి, రక్తప్రసరణ తగ్గి, ఆ మోతాదు తరువాత బిడ్డను మోసే స్థితిలో ఉండదు.

అండాశయాలను కాపాడుకునే దారి ఒకటి ఉన్నది. రేడియేషన్‌కు ముందే చిన్న ఆపరేషన్ చేసి, వాటిని కిరణాల పరిధి దాటి పైకి జరిపి కుడతారు. అన్నిసార్లూ ఫలించదు, అందరికీ తగదు. ఫలిస్తే హార్మోన్లు నిలుస్తాయి. గర్భాశయాన్ని మాత్రం అది కాపాడదు. అండాలను లేదా భార్యాభర్తల పిండాలను తీసి శీతలీకరించి దాచటం రెండవ దారి. అందుకు సుమారు రెండు వారాలు పడుతుంది, ఖర్చు కూడా ఎక్కువ. గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభమయింది. అక్కడ సలహా అడగవచ్చును.

కానీ ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పొత్తికడుపుకు పూర్తి రేడియేషన్ అయినవారు అండాలు దాచినా, బిడ్డను మోయటానికి మరొక స్త్రీ గర్భం కావాలి. మన దేశంలో 2021 నాటి సరోగసీ చట్టం డబ్బు తీసుకోకుండా చేసే సరోగసీని మాత్రమే, అదీ షరతులతో, అనుమతిస్తుంది. మన ధర్మశాస్త్రవేత్తల అభిప్రాయం వేరు. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ, వివాహబంధంలో ఉన్న భార్యాభర్తల అండాన్నీ వీర్యాన్నీ బయట కలిపి, ఆ భార్య గర్భంలోనే ఉంచటాన్ని అవసరాన్ని బట్టి అనుమతించి, మూడవ వ్యక్తి ప్రమేయాన్ని నిషేధించింది. అల్ అజ్‌హర్ ఫత్వా 1980లోనే ఈ దిశలో వచ్చింది. కనుక లక్షల రూపాయలు ఖర్చుచేసి అండాలు దాచే ముందే ఈ చివరి మెట్టు గురించి ముఫ్తీ సాహెబ్‌ను, డాక్టరును ఇద్దరినీ అడిగి తెలుసుకోవాలి. దాచాక తెలియటం మరింత దుఃఖం. సంతానం లేనివారు అనాథ బిడ్డను, అతని తండ్రి పేరు మార్చకుండా, పెంచుకోవటం ధర్మంలో ఎంత గొప్ప కార్యమో నేను చెప్పనవసరం లేదు.

రొమ్ముకు రేడియేషన్ అయినవారి సంగతి దీనికి పూర్తిగా భిన్నం. ఛాతీ మీద పడే కిరణం అండాశయాలను నాశనం చేయదు. వైద్యం నడుస్తుండగా గర్భం రాకుండా చూసుకోవాలి, అంతే. అండాలను దెబ్బతీసేది కొన్ని కీమో మందులు. వారు దాచిన అండాన్ని తమ గర్భంలోనే మోయవచ్చును. "దానికి కరెంటు పెట్టారు, ఇక పిల్లలు పుట్టరు" అని సంబంధాలు తెంచుకునేవారు ఈ భేదం తెలుసుకోవాలి. చిన్నతనంలో క్యాన్సర్ వచ్చి తగ్గిన అమ్మాయిల తల్లులైతే, కిరణం ఏ భాగానికి, ఎన్ని గ్రేలు ఇచ్చారో రాసిన కాగితాన్ని బంగారంలా భద్రపరచండి. పదిహేనేళ్ళ తరువాత పెళ్ళి సమయంలో, కాన్పు సమయంలో డాక్టరు అడిగేది అదే.

గర్భాశయాన్ని నిజంగా కాపాడేది ముందుగా గుర్తించటమే. గడ్డ రెండు సెంటీమీటర్లలోపు ఉన్నప్పుడు, తగినవారికి, గర్భాశయాన్ని ఉంచి ముఖద్వారాన్ని మాత్రమే తీసే ఆపరేషన్ ఉన్నది. వారికి రేడియేషన్ అవసరం రాకపోవచ్చు. దాంపత్యం తరువాత రక్తం, నెలసరి కాని రోజులలో రక్తం, నెలసరి ఆగిపోయిన తరువాత మళ్ళీ రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట, వీటిని దాచి ఏడాది గడిపితే ఆ అవకాశం పోతుంది. 2023 మార్చి 8న మన రాష్ట్రంలో ఆరోగ్య మహిళ కార్యక్రమం ప్రారంభమయింది. స్త్రీల క్యాన్సర్ పరీక్ష కూడా అందులో ఉన్నది. మగ డాక్టరు పరీక్ష చేస్తారనే భయంతో చాలామంది వెళ్ళరు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులు ఉన్నాయి. మగ డాక్టరు పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ గదిలో ఉండాలన్నది అందులోనే ఉన్నది. ఆ మాట అడగటం మొండితనం కాదు.

ఇక నా వృత్తికి సంబంధించిన విషయం, సంతకం. జీవితమంతా సంతకాలు పెట్టించినదానను గనుక చెబుతున్నాను. ఒక ఆసుపత్రిలో, ఏదో పేరు అనవసరం, ముప్పై రెండేళ్ళ సోదరికి రేడియేషన్ మొదలుపెట్టే ముందు నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం ఇచ్చారు. ఆమె మరిది చదవకుండా సంతకం చేశాడు. ఆమె వేలిముద్ర కూడా అడగలేదు. ఆమె పదో తరగతి చదివింది, తెలుగు, ఉర్దూ రెండూ చదవగలదు. ఇక పిల్లలు పుట్టరన్న సంగతి ఆమెకు తెలిసింది పదిహేను రోజుల తరువాత, పక్క మంచం రోగి ద్వారా. వైద్యం వద్దనేది కాదు ఆమె. "నాకు చెప్పి ఉంటే ఒక రాత్రి ఏడ్చి మరునాడు వచ్చేదానను" అన్నది.

సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో తీర్పు చెప్పింది. పరీక్ష కోసం వచ్చిన స్త్రీ మత్తులో ఉండగా, ఆమె తల్లి ఒప్పుకున్నదని గర్భాశయాన్ని, అండాశయాలను తీసివేశారు. యుక్తవయస్కురాలు, తెలివిగల స్త్రీ విషయంలో ఆమె సమ్మతే సమ్మతి, ప్రాణాపాయం లేనప్పుడు తల్లి సమ్మతి చెల్లదని న్యాయస్థానం తేల్చింది. తల్లిదే చెల్లనప్పుడు మరిదిది ఎలా చెల్లుతుంది? సంతకానికి ముందు ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. నా నెలసరి ఆగిపోతుందా, పిల్లలు పుట్టే అవకాశం ఉంటుందా, అండాశయాలను జరిపే వీలు నాకు ఉన్నదా, తరువాత దాంపత్యానికి ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అని ఆమే అడగాలి. మొదటి రోజు రేడియేషన్‌కు ముందే అడగాలి. మొదలయ్యాక వీటిలో కొన్నింటికి జవాబు ఉన్నా ప్రయోజనం ఉండదు. అన్సారీ స్త్రీలు ధర్మవిషయాలు తెలుసుకోవటానికి సిగ్గును అడ్డు రానీయలేదని హజ్రత్ ఆయిషా (ర.అ.) మెచ్చుకున్నారు. మదీనాలో అడగగలిగిన ప్రశ్నను రెడ్ హిల్స్‌లో అడగలేమా?

వైద్యం తరువాత భార్యను పుట్టింటికి పంపి, రెండో నికాహ్ మాటలు మొదలుపెట్టే ఇళ్ళ గురించి కూడా చెప్పక తప్పదు. షరీఅతు అనుమతి అంటారు. అనుమతితోపాటు న్యాయం చేయాలన్న షరతును మింగేస్తారు. రోగంతో ఉన్న భార్య పోషణ, మందులు, గౌరవం ఏ నికాహ్‌తోనూ రద్దు కావు. విడాకులు ఇచ్చినా బాధ్యత తెగిపోదు. మన తెలంగాణ నుంచే వెళ్ళిన ఒక కేసులో 2024 జూలై 10న సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ సాధారణ చట్టం కింద కూడా మనోవర్తి కోరవచ్చునని స్పష్టం చేసింది. అలాంటి పరిస్థితిలో ఉన్నవారు వైద్యం కాగితాలు, నికాహ్‌నామా నకలు తీసుకుని మా దగ్గరకు రండి. అర్జీ రాయటం నాకు ఇంకా మరపు రాలేదు. మంచి భర్తలు కూడా ఉన్నారు, ఈ మాట న్యాయంగా చెప్పాలి. 25 రోజులూ హోటల్ పని మాని, భార్య పక్కన క్యూలో నిలబడి, జెల్ ఎక్కడ దొరుకుతుందని మందుల దుకాణంలో సిగ్గుపడకుండా అడిగిన ఒక సోదరుడు ఈ బస్తీలోనే ఉన్నాడు.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. రేడియేషన్ ఆరోగ్యశ్రీ కింద ఉన్నది. 2023 డిసెంబర్‌లో కుటుంబానికి పరిమితి 10 లక్షల రూపాయలకు పెంచారు. రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు అసలు ప్రతులు వెంట ఉంచుకోండి. ఆధార్‌లో పేరు ఒక రకంగా, కార్డులో మరొక రకంగా ఉంటే ముందే సరిచేయించండి. ఫాతిమా బేగం, ఫాతిమా బీ అన్న తేడాకు వారం రోజులు పోయిన సందర్భాలు ఉన్నాయి.

ఇప్పుడు లేడీ డాక్టరు గారు మీ ప్రశ్నలకు జవాబు చెబుతారు. వాలంటీర్లు చీటీలు, పెన్సిళ్ళు పంచుతున్నారు. తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా సరే, పేరు రాయవద్దు. రాయటం రానివారు వెనుక తలుపు దగ్గర కూర్చున్న అమ్మాయి చెవిలో చెబితే ఆమె రాస్తుంది. సోదరుల చీటీలు వేరే డబ్బాలో వేయండి, వాటికి పక్క గదిలో డాక్టరు సాహెబ్ జవాబు చెబుతారు. అసర్ అజాన్‌కు ఇంకా నలభై నిమిషాలు ఉన్నది.